నాలుగు బెజ్జాలు

"పాట వినిపిస్తోంది, బొమ్మే రావడం లేదు. ఇంకోసారి మొదలుపెట్టు, జున్‌మో," అంది యోన్హ్వా.

"నాలుగుసార్లు పెట్టానక్కా. ఒక్క కంప్యూటర్ ఆట కోసం సియోల్ నుంచి రప్పించావు. నూడుల్స్ అయినా పెట్టలేదు."

"పెడతాలే. మీ బావ ఫోన్ ఎత్తడం లేదు. ఆటలో మాత్రం రోజూ కనిపిస్తున్నాడట. అక్కడైనా పట్టుకోవాలి."

జున్‌మో సెట్టింగులు చూసి నవ్వాడు. "ఆటకేం కాలేదు. రెండో మానిటర్ మీద నడుస్తోంది. అదేది?"

"ఉల్సాన్ తీసుకెళ్లాడు. మూడు నెలల పనేగా. పండక్కి తెచ్చి మళ్లీ గోడకి బిగిస్తానన్నాడు."

"దాని వైరు ఇంకా కంప్యూటర్‌కే ఉండిపోయిందేమో చూస్తానుండు."

అతను బల్ల పక్కకు జరిపాడు. వైరు లేదు. మానిటర్ బిగించిన చోట గోడకు నాలుగు బెజ్జాలుండాలి. వాటి నిండా లప్పం పెట్టి, నున్నగా రుద్ది, పైన అదే రంగు గోడ కాగితం ముక్క అతికించి ఉంది.

"ఇది నువ్వు చేశావా అక్కా?"

"లేదు."

అద్దెకున్నవాళ్లు మేకుల బెజ్జాలు పూడ్చేది ఇల్లు ఖాళీ చేసే రోజునే. అది ఇద్దరికీ తెలుసు. జున్‌మో కంప్యూటర్ ముందు కూర్చుని, రెండో మానిటర్ లేదని సెట్టింగుల్లో మార్చాడు. ఆట నిండుగా తెరుచుకుంది.

"వచ్చింది. బావ లోపలే ఉన్నాడు. మాట్లాడతావా?"

యోన్హ్వా గోడ మీది కాగితం ముక్కను వేలితో తడిమింది.

"కట్టెయ్. నూడుల్స్ పెడతాను," అంటూ వంటింట్లోకి వెళ్లింది.