ఎనిమిదో మంచం సిస్టరు

పెద్ద వరద వచ్చిపోయిన మరుసటేడు ఊపిరాడనివ్వని జ్వరం వచ్చింది. వరదకు నిలబడ్డ ఆసుపత్రి ఆ జ్వరానికి నిలబడలేకపోయింది. నర్సుల్లో సగంమంది మంచాన పడ్డారు. కొందరు చెప్పకుండా మానేశారు. మేడమీది వార్డుకు మిగిలింది హెడ్ సిస్టరు, ఆమె కింద ఒక చిన్న సిస్టరు.

ఎనిమిదో మంచం మీద తాపీమేస్త్రీ భార్య పోయింది.

పోయేముందు మొగుడికి ఫోన్ చేసింది. "నీళ్లడిగితే వస్తున్నా అంటుంది ఆ సిస్టరు. రావడంలేదు" అంది. ఇక ఫోన్ రాలేదు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ గేటు దగ్గరికొచ్చాడు.

"ఎనిమిదో మంచం చూసిన సిస్టరును పిలవండి."

చిన్న సిస్టరు వెళ్లింది. తలనుంచి కాళ్లదాకా తెల్లసూటు, మొహానికి మాస్కు, కళ్లకు అద్దాలు. పక్క మంచం మీద మనిషికి ఊపిరి ఆగిపోతుంటే అక్కడ ఉండిపోయానని చెప్పబోయింది. మేస్త్రీ చెప్పనివ్వలేదు.

"చచ్చేదాన్ని గుక్కెడు నీళ్లకు ఏడిపించావు కదే. నీ చేతులు పడిపోను. నీ గొంతూ అలాగే ఎండాలి."

ఆ పూట ఆమె పెట్టిన సూది నరానికి ఎక్కలేదు. ఎవరో "సిస్టర్, నీళ్లు" అంటే గోడ పట్టుకుని కూలబడిపోయింది. ఇంటికి పోతే అత్త తలుపు తీయలేదు. "వరండాలో పడుకో. మాకు అంటించకు" అంది కిటికీలోంచి. పడుకుంటే చెవుల్లో మేస్త్రీ గొంతే.

"నేను మానేస్తానక్కా" అంది హెడ్ సిస్టరుతో. "ఇంకొక్కసారి ఆ గొంతు వింటే నేను మనిషిని కాను."

"నువ్వూ పోతే వార్డుకు తాళం వెయ్యాలి. వీళ్లందర్నీ నేనొక్కదాన్నే ఎక్కడికి మొయ్యను?"

అంబులెన్సు డ్రైవరు మెట్లమీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఆసుపత్రిలో అతన్ని ముళ్లకంప అంటారు. పక్కనుంచి పోయినా గీరుతాడు మరి.

"ఏడ్చేవాళ్లు ఇళ్లకు పోయి ఏడవండి" అన్నాడు. "ఇక్కడ ఏడిస్తే మెట్లు తుడిచే దిక్కు కూడా లేదు."

"నీకు గుండె లేదు కాబట్టి సరిపోయింది" అంది చిన్న సిస్టరు.

"ఉందో లేదో చూడ్డానికి మీ దగ్గర మిషన్ ఖాళీగా ఉందేంటి?"

ఆమె విసురుగా మేడెక్కి వెళ్లిపోయింది.

మర్నాడూ మేస్త్రీ వచ్చాడు. వాచ్‌మన్ గేటు మూశాడు. మేస్త్రీ గేటుకు అడ్డంగా పడుకున్నాడు. లోపల అంబులెన్సు హారన్ కొట్టి కొట్టి ఊరుకుంది.

డ్రైవరు దిగొచ్చాడు.

"అవతల మనిషి ఊపిరాడక కొట్టుకుంటున్నాడు. నేను పోవాలి" అన్నాడు వాచ్‌మన్‌తో. "వీడి తిట్లు తినేవాళ్లెవరో వచ్చి తినిపొమ్మను. నాలుగు తిట్లకు ఎవరూ అరిగిపోరు."

కాసేపటికి తెల్లసూటు గేటు దగ్గరికొచ్చి నిలబడింది. మేస్త్రీ లేచి ఊచలు పట్టుకున్నాడు. కడుపులో ఉన్నదంతా కక్కాడు. సూటు తల వంచుకుని విన్నది. అతని గొంతు బొంగురుపోయాక వెనక్కి తిరిగింది. తర్వాత గేటు తెరిచారు. అంబులెన్సు దుమ్ము లేపుకుంటూ పోయింది.

ఇక రోజూ అదే తంతు. మేస్త్రీ డ్యూటీకి వచ్చినట్టు వచ్చేవాడు.

"మాట్లాడవేమే? నోట్లో సున్నం కొట్టుకున్నావా? నా పిల్లలు అమ్మ ఏది అంటే నిన్ను చూపించనా?"

తెల్లసూటు నోరు మెదిపేది కాదు. అందుకు అతనికి ఇంకా మండేది.

మేడమీద చిన్న సిస్టరు మళ్లీ తడబడకుండా సూదులు పెడుతోంది. నీళ్లు అన్న మాట వినబడితే చాలు, గ్లాసు పట్టుకుని పరిగెత్తేది. మానేస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు. పర్వాలేదు, రాటుదేలింది అనుకుంది హెడ్ సిస్టరు.

ఒకరోజు మేస్త్రీ ఇటుకముక్క తెచ్చాడు. ఇటుకలు విసిరి అందుకునే చెయ్యి అది. గురి తప్పలేదు. ఊచల సందులోంచి దూసుకొచ్చి భుజానికి తగిలింది. సూటు గోడకు ఆనుకుంది. వాచ్‌మన్ కర్ర తీసుకుని ఉరికితే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"కొట్టినా ఏడవ్వేమే" అన్నాడు మేస్త్రీ. చొక్కాతో మొహం తుడుచుకుని, "రేపూ వస్తా" అని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం అంబులెన్సులో ఒక భారీ మనిషిని తెచ్చారు. చిన్న సిస్టరు పరుగున వచ్చి స్ట్రెచర్ ఒక కొస పట్టుకుంది. డ్రైవరు సీట్లోంచి కదల్లేదు.

"ఒక చెయ్యి వెయ్యవయ్యా."

"నా పని తోలడం. ఎత్తడం కాదు."

"మనిషి జన్మేనా నీది? ఈయన మీ అన్నయితే ఇలాగే కూర్చుంటావా?"

"మా అన్నయితే దార్లోనే దింపేసి వచ్చేవాణ్ని."

రెండో కొస వాచ్‌మన్ పట్టాడు. ఆమె పళ్లు బిగించి ఎత్తింది. మెట్లెక్కుతూ వెనక్కి తిరిగింది.

"ఆ మేస్త్రీ నన్నన్న మాటలు నిన్ను అనాల్సిందయ్యా. అప్పుడు తెలిసేది నీకు."

వాచ్‌మన్ నేలచూపులు చూశాడు. డ్రైవరు మొహం అటు తిప్పుకుని ఉమ్మేశాడు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర మేస్త్రీ కేక వినబడగానే డ్రైవరు టీ గ్లాసు కింద పెట్టి, వాచిపోయిన భుజాన్ని పంటిబిగువున పైకెత్తి, ఖాకీ చొక్కా మీదే తెల్లసూటు తొడుక్కున్నాడు.