మామయ్యగారి జ్ఞాపకార్థం

"ఆ బడికి మంచినీళ్ల యంత్రాలు ఇప్పటికే మూడున్నాయండీ. దాతల పేర్లు తళతళా మెరుస్తున్నాయి, నీళ్లే రావు" అంది దాతల నిధి ఆఫీసరమ్మ. ఊరందరి విరాళాలూ పోగుచేసి అవసరమున్న చోటికి పంపడం ఆవిడ పని.

పోయిన తండ్రి పేరున నాలుగోది ఇద్దామని భార్యను వెంటబెట్టుకొచ్చిన సిమెంటు వ్యాపారి ముఖం చిట్లించాడు. "మరింకేం కావాలి వాళ్లకి?"

ఆఫీసరమ్మ బడివాళ్ల ఉత్తరం తీసింది. "మరుగుదొడ్లకి తలుపులు. ఒక పిల్ల లోపలికెళ్తే ఇంకో పిల్ల అడ్డంగా నిలబడుతోందట."

"దొడ్డి తలుపు మీద మా నాన్నగారి పేరా! ఆయన పరువేం కాను? అసలు రిబ్బను ఎక్కడ కడతారు?"

"రిబ్బను కట్టాలన్నా ముందు తలుపుండాలి కదండీ."

పక్కనున్న భార్య అంది: "మామయ్యగారు మంచాన పడ్డ రెండేళ్లూ బాత్రూముకి పట్టుకెళ్లింది నేను. పరామర్శకొచ్చినవాళ్లతో మీరు హాల్లో కబుర్లు చెబుతుంటే, ఆయన నన్నడిగింది ఒక్కటే. 'తలుపు వెయ్యమ్మా' అని."

వ్యాపారి ఆఫీసరమ్మ వైపు తిరిగాడు. "సరే, తలుపులే రాసుకోండి. పేరు మాత్రం లోపలివైపు వేయించండి."

"లోపలివైపు పేరొద్దు" అంది భార్య. "గడియ పెట్టించండి."