గొళ్లేనికి పచ్చ రిబ్బను

“టీచరమ్మ జారారా? ఎక్కడ? బాత్రూములోనా?”

కండక్టరు అరిచిన అరుపుకి వరండాలో వాలిన పావురాలు లేచిపోయాయి. చెవిలో ఉండాల్సిన వినికిడి మిషను ఆయన చొక్కా జేబులో హాయిగా ఉంది.

“జారలేదండీ, మారుతున్నారు!” సిస్టర్ ఆయన చెవి దగ్గరికి వంగి చెప్పింది. “రేపట్నుంచి పై అంతస్తుకి మారుతున్నారు.”

జారినా బాగుండేదనిపించింది కండక్టరుకి. కాలికి కట్టు కడితే నయమవుతుంది. పై అంతస్తుకి వెళ్లినవాళ్లు మళ్లీ కిందికి రావడం ఆయన చూడలేదు.

అవి పెద్దవాళ్ల కోసం చర్చి వాళ్లు కట్టించిన అపార్ట్‌మెంట్లు. చర్చి వాళ్లవి గనక ప్రతిదానికీ చర్చే. కూరలో ఉప్పు మీద చర్చ, టీవీ సౌండు మీద చర్చ. చర్చ లేని రూలు ఒక్కటే: పొద్దున లేవగానే ఎవరి తలుపు గొళ్లేనికి వాళ్లు పచ్చ రిబ్బను కట్టాలి. కట్టారంటే లేచారు, బాగున్నారు అని లెక్క. ప్రార్థన గంటకి ముందు సిస్టర్ ఓ చుట్టు తిరిగి, రిబ్బను లేని తలుపు తడుతుంది. తట్టించుకోవడం అలవాటైపోతే ఇక పై అంతస్తే. అక్కడ నర్సులే వచ్చి లేపుతారు.

భార్య పోయిన కొత్తలో కండక్టరు తలుపూ రోజూ తట్టించుకునేది. ఉద్యోగమంతా “రైట్ రైట్” అంటూ బస్సుని కదిలించిన మనిషి, మంచం మీంచి తను కదల్లేకపోయాడు. సరిగ్గా అప్పుడే వెనక బ్లాకు నుంచి టీచరమ్మ ఎదురు ఫ్లాటులోకి వచ్చింది. అక్కడ గాలి సరిపడలేదట.

ఆవిడకి నిలువెల్లా మతిమరుపు. సాయంత్రం వరండాలో కూర్చుని, మర్నాడు కట్టాల్సిన రిబ్బను ఆ కుర్చీ మీదే వదిలేసి లోపలికి వెళ్లిపోయేది. “అన్నయ్యగారూ, కళ్లజోడు ఎక్కడ పెట్టానో ఏమో, పేపరు కాస్త చదివి పెడుదురూ” అనేది. ప్రార్థన మందిరానికి ఎటు వెళ్లాలో తోచక మెట్ల దగ్గర నిలబడిపోయేది. కండక్టరు చెప్పులేసుకుని “ఎక్కండి, ఎక్కండి, మందిరం బస్సు!” అంటూ వెంట నడిచేవాడు. చిత్రమేమిటంటే, పదిహేడో ఎక్కం మాత్రం తలకిందులుగా అప్పజెప్పేది. ఆయన బీపీ మాత్ర సంగతి ఒక్కపూట కూడా మర్చిపోయేది కాదు.

“మీ బుర్రలో కొన్ని బల్బులే మాడాయి టీచరమ్మా!”

“మిగతావి వెలుగుతున్నాయిగా అన్నయ్యగారూ, చాల్లెండి,” అని నవ్వేది.

ఆ మాడిన బల్బుల సంగతి సిస్టర్ కంట పడకుండా కాపాడుతున్నది కండక్టరే. రోజూ అందరికంటే ముందు లేచి, కుర్చీ మీది రిబ్బను తీసుకెళ్లి ఆవిడ గొళ్లేనికి కట్టేవాడు. ఎలాగూ లేచాడు గనక తనదీ కట్టుకునేవాడు.

ఇప్పుడు గుట్టు రట్టయిందన్నమాట. ఎదురు ఫ్లాటులోకి తొంగిచూస్తే టీచరమ్మ చీరలు మడతపెడుతోంది.

“మీరేం సర్దకండి. సర్దుబాటు నేను చేస్తాను.”

“వెళ్లాలండీ. ఆలస్యమైతే కష్టం.”

పాపం, ఎక్కడికి తీసుకెళ్తున్నారో కూడా తెలీదు అనుకున్నాడు కండక్టరు. ఆయన కళ్లు చెమర్చాయి.

ఆ సాయంత్రం మందిరంలో ప్రార్థన ముగిసిందో లేదో, లేచి నిలబడ్డాడు. ఆయన మామూలుగా మాట్లాడితేనే వీధి చివరికి వినిపిస్తుంది. ఇప్పుడు గట్టిగా మాట్లాడాడు.

“తప్పు నాది సిస్టరమ్మా! ఇన్నాళ్లూ టీచరమ్మ తలుపుకి రిబ్బను కట్టింది నేను. ఆవిడకి మతిమరుపు, నిజమే. అయితే ఏం? నాకు చెవుడు, ఈ పక్కనున్న ఇతగాడికి మోకాళ్ల నొప్పులు, ఆ అక్కయ్యకి చాదస్తం!”

“ఎవరికయ్యా చాదస్తం?” అంది అక్కయ్య.

“నువ్వుండవే తల్లీ! సిస్టరమ్మా, ఆవిణ్ణి పైకి పంపకండి. రేపూ లేస్తాను, ఎల్లుండీ లేస్తాను. ఆవిణ్ణి నేను చూసుకుంటాను.”

వెనక బ్లాకులో ఒకప్పుడు టీచరమ్మకి ఎదురు ఫ్లాటులో ఉన్న ఫొటోగ్రాఫరు జేబురుమాలు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. ఏడవాల్సిన చోట నవ్వేమిటో కండక్టరుకి అర్థం కాలేదు.

“మీరు పొరబడ్డారు కండక్టరు గారూ,” అంది సిస్టర్, అందరూ వినేలా. “టీచరమ్మ నర్సుల కోసం వెళ్లడం లేదు. పైన కొత్తగా ఒక పెద్దాయన చేరారు. భార్య పోయాక మంచం దిగడం లేదు, ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఈవిడ ఆయన ఎదురు గదికి వెళ్తున్నారు.”

“ఈవిడా? తన రిబ్బనే తనకి గుర్తుండదు కదా! వెళ్లి ఆయనకేం చేస్తారు?”

టీచరమ్మ చేతిసంచిలోంచి కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి పెట్టుకుంది.

“మర్చిపోతాను,” అంది.