ఎవరి మనిషి

“సూపర్ మార్కెట్లో అమ్మమ్మ స్పానిష్‌లో కేకేసింది. లూసియా ఏమంది? ‘ఆమెవరో నాకు తెలీదు’ అంది. పక్కన తెల్లవాళ్ల పిల్లలున్నారు మరి.”

నెల్లూరులో ఒక కాలేజీ, ఎం.ఏ. ఇంగ్లీషు క్లాసు. అమెరికాలో స్థిరపడ్డ మెక్సికో కుటుంబం కథ చెబుతోంది ఏంజెలిన్ మేడం. మద్రాసులో చదివిన మనిషి. మాటలో ఎక్కడా యాస తగలదు. ఆమెలా మాట్లాడాలని క్లాసులో సగం మందికి ఆశ.

“సరిహద్దు దాటి వచ్చింది అమ్మమ్మ. సిగ్గుపడింది మాత్రం అక్కడే పుట్టిన మనవరాలు. ఎందుకంటావ్, రూఫస్?”

రూఫస్ నోరు తెరిచేలోగా గుప్పున చేపల పులుసు వాసన వచ్చింది. అందరూ గుమ్మం వైపు చూశారు.

ఎత్తి కట్టిన చీర, చేతిలో స్టీలు క్యారియర్, చెమటతో తడిసిన ముఖం. ఎవరో పెద్దావిడ.

“పాపా, సాపాడు తెచ్చినా. వేట మళ్లీ మొదులైంది గదా, మన పడవలో పడిన ఫస్టు చేప. ఇంట్లో అందరూ తింటేనే పడవకి మంచిది. వాకాడు నించి బస్సులు మారి వచ్చినా.”

సముద్రం ఒడ్డు పల్లెల మాట అది. సగం అరవం, సగం తెలుగు. వెనక బెంచీలో ఎవడో “సాపాడు” అని అచ్చం ఆమెలాగే సాగదీశాడు. క్లాసంతా పకపకా నవ్వింది.

ఏంజెలిన్ ముఖం కందగడ్డయింది.

“ఎవరు కావాలమ్మా మీకు?”

పెద్దావిడ ఏదో అనబోయింది. నవ్వేవాళ్లను చూసి ఆగిపోయింది. క్యారియర్‌ను కొంగు చాటుకు తీసుకుంది.

“ఎవరి మనిషి? లేచి చెప్పండి,” అంది ఏంజెలిన్ క్లాసు వైపు తిరిగి.

ఎవరూ లేవలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. ఆమె అలా నిలబడి ఉంటే అందరికీ తల కొట్టేసినట్టుంది.

“ఇంతసేపూ లూసియాను తిట్టుకున్నారే, ఇప్పుడేమైంది? సిగ్గుగా లేదూ?” అంది ఏంజెలిన్.

రూఫస్ లేచాడు.

“మా అవ్వ, మేడం.”

“ఆ మాట చెప్పడానికి ఇంతసేపా?”

“తప్పే, మేడం.”

తల దించుకుని వెళ్లి క్యారియర్ అందుకున్నాడు. “రా అవ్వా, పోదాం.”

ఆమె క్లాసులోకి ఒకసారి చూసి, అతని వెంట నడిచింది. ఏంజెలిన్ బోర్డు వైపు తిరిగి, రాసిందే మళ్లీ రాసింది.

గేటు బయట ఆటో ఎక్కాక ఆ పెద్దావిడ రూఫస్ చెయ్యి పట్టుకుని, “నువ్వెవరి బిడ్డవో నాయనా, మీ మేడం పైన కోపం పెట్టుకోబాక, మా పాపకి చిన్నప్పట్నించీ సిగ్గు జాస్తి” అంది.