నాలుగో మనిషి

ముగ్గురు కలిసి పని మీద బయల్దేరితే ఆ పని చెడుతుందని జానకీదేవికి గుర్తొచ్చేసరికి పరీక్షకు ఇంకా వారం ఉంది.

"ముగ్గురెవరు అత్తయ్యా?" అంది శ్రీలేఖ. ఒళ్లో లెక్కల పుస్తకం తెరిచి ఉంది.

"నువ్వు, అబ్బాయి, నేను. నాలుగో మనిషి ఎవరో మీరే చూసి చెప్పండి."

అత్తగారు పరీక్షకు ఎందుకు వస్తున్నారో శ్రీలేఖకు అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేదు. మళ్లీ పుస్తకంలో తల దూర్చింది.

అది ఎంసీఏ ప్రవేశ పరీక్ష. నిరుడు సరి, బేసి సంఖ్యల దగ్గరే దెబ్బ తింది. మూడు బేసి సంఖ్యలు కలిపితే ఏమొస్తుందన్న ప్రశ్నకు సరి సంఖ్య అని పెట్టి వచ్చి, బస్సు శామీర్‌పేట దాటాక నాలుక కరుచుకుంది. ఈసారి కాకపోతే ఇక ఎప్పటికీ కాదని ఆమెకు తెలుసు. అందుకే ఏ పని చేస్తున్నా పెదవులు ఆడుతూనే ఉన్నాయి. బేసికి బేసి కలిపితే సరి. బేసికి సరి కలిపితే బేసి. అనుమానం వస్తే బేసికి ఒకటి, సరికి రెండు వేసి చూసుకోమన్నాడు యాప్రాల్ కోచింగ్ సారు.

ఆ మాటకొస్తే ఆమెకు పనులు కూడా పెద్దగా మిగల్లేదు. ఈమధ్య పోపు అత్తగారే వేస్తోంది. పరీక్ష రాసేవాళ్లకు పోపు ఘాటు తగిలితే చదివింది మరుపుకొస్తుందట. తూంకుంటలో వాళ్లుండే కాలనీ కొత్తది, ఇంకా కుళాయి రాలేదు. వీధి చివరి బోరింగు నుంచి నీళ్లు మోసే పని కొడుక్కి అప్పగించింది. బిందె మోసిన చేత్తో పెన్ను నడవదట. కొత్త పెన్నుతో రాయకూడదట. స్కూటరు మీద వెళ్లకూడదట, కుదుపులకు ఎక్కాలు కిందామీదా అవుతాయట. మేడ్చల్‌లో పరీక్ష కాలేజీ దాకా ఆటో మాట్లాడమంది.

నిరుడు ఈ నమ్మకాలేవీ లేవు. సీటు రాకపోయేసరికి పుట్టుకొచ్చాయి కాబోలనుకుంది శ్రీలేఖ.

ఫణిభూషణ్ తుర్కపల్లిలో ఒక మందుల ల్యాబులో పనిచేస్తాడు. సాయంత్రం కంపెనీ బండి దిగి ఇంట్లోకి రాగానే సంగతి విన్నాడు.

"నువ్వు ఇంట్లో ఉంటే మేం ఇద్దరమేగా అమ్మా. గొడవే లేదు."

"నేను రాకుండా ఎలా కుదురుతుందిరా? నాలుగో మనిషి ఎవరో చెప్పు."

చిక్కుముడి తనే వేసి విప్పమని కొడుకు చేతికిచ్చిందావిడ. తను మాత్రం ఎవరినీ అడగలేదు. రోజూ పొద్దున్నే కాఫీ దగ్గర కొడుకు మొహం, కోడలి మొహం మార్చి మార్చి చూసి, నాలుగో మనిషి ఎవరో తేలిందా అనేది.

సీటంటూ వస్తే ఏ ఊళ్లో వస్తుందో తెలియదు. హాస్టల్లో ఉండాల్సి రావచ్చు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఒకరోజు తల్లి పెరట్లోకి వెళ్లడం చూసి ఫణిభూషణ్ గొంతు తగ్గించాడు.

"అమ్మకు చెప్పేద్దామా?"

"పరీక్ష అయ్యాక చెబుదాం. ఇప్పుడు తెలిస్తే నన్ను గడప దాటనిస్తారా?"

"దాటనివ్వదు," అని ఒప్పుకున్నాడు.

చివరికి పక్కింటి రాహేలును అడిగారు. "ముగ్గురు పోవద్దని మా బైబిల్ల యాడ లేదు గని, మీ కోసం వస్త తియ్యి శ్రీలేఖమ్మా. ఒక్క ఆదివారం చర్చికి పోకుంటే దేవుడేమనుకోడు," అందామె.

ఈ కబురు చెబితే జానకీదేవి సంతోషించలేదు. "రాహేలా? ఇంకెవరూ లేరా?" అంది. ఇద్దరూ నేల చూపులు చూశారు. "సరేలే," అని లేచి వెళ్లిపోయింది.

ఆదివారం ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. వెనకాలే రాహేలు వచ్చింది. తెల్లచీర కట్టుకుంది, చేతిలో పాటల పుస్తకం ఉంది.

"ఏమనుకోకుండ్రి పెద్దమ్మా. పాటలు పాడే మా ప్రిస్కిల్లాకు గొంతు వోయింది. ఇగ నేనే పాడాలె. పాస్టరు జల్దీ రమ్మన్నడు."

ఆమె వెళ్లిపోయింది. వరండాలో ముగ్గురు మిగిలారు.

శ్రీలేఖ గడియారం చూసుకుంది. ఆలస్యమైతే హాల్లోకి రానివ్వరు.

"ఆటో అతనున్నాడుగా, నాలుగో మనిషి," అన్నాడు ఫణిభూషణ్.

"అతను మన పని మీద రావట్లేదు. అతని పని మీద అతను వస్తున్నాడు."

"పోనీ ఒక రాయి జేబులో వేసుకుంటా. చాలామంది అలాగే చేస్తారు."

"రాయిలో ప్రాణం ఉంటుందట్రా?"

ఆటో అతను హారన్ కొట్టాడు. "వస్తున్నరా లేదా సారూ? పొద్దెక్కుతాంది."

శ్రీలేఖకు ఓపిక నశించింది. పెళ్లయ్యాక మొదటిసారి అత్తగారి ముందు గొంతు పెంచింది. "మీ లెక్క కోసం నా ఏడాది పోతోంది అత్తయ్యా. మీరు ఇంట్లో ఉండండి. మేమిద్దరం వెళ్తాం."

అన్నాక తనకే భయమేసింది. జానకీదేవి లోపలికి వెళ్లి మంచినీళ్ల సీసా, రెండు నిమ్మకాయలు సంచిలో వేసుకుని వచ్చింది. చెప్పులు తొడుక్కుంది. తాళం కొడుకు చేతిలో పెట్టింది.

"వెయ్యి. మనం నలుగురం ఉన్నాం."

ఫణిభూషణ్ అటూ ఇటూ చూశాడు. "నాలుగో మనిషి ఏడమ్మా?"

"మీ నోటితో మీరే చెబుతారని వారమంతా అడిగాను," అంటూ జానకీదేవి కోడలి చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా మెట్టు దింపింది, "నీ కడుపులో బిడ్డను కలుపుకుంటే మనం నలుగురమే కదమ్మా."