రోజుకో వెర్షన్

మళ్లీ కొత్త వెర్షన్ వచ్చింది. నిన్ననే ఒకటి వచ్చింది. మొన్న రెండు.

మహిధర్ టిఫిన్ డబ్బా మూసి లాప్‌టాప్ తెరిచాడు. జహీరాబాద్ బడిలో అతను చెప్పేది లెక్కలు. తీరిక దొరికితే చేసేది చాకిరీ. కంప్యూటర్లో విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ వాడేవాళ్లకు ప్రోగ్రాములన్నీ ఒకే రిపాజిటరీ నుంచి, అంటే ఒకే ఉమ్మడి గోదాము నుంచి అందుతాయి. ఎవరో రాసినదాన్ని అక్కడికి చేర్చి, ఎప్పటికప్పుడు తాజాగా ఉంచడానికి ఒక మనిషి కావాలి. ‘ఎక్కాల ఆట’ అనే పిల్లల ప్రోగ్రాముకు ఆ మనిషి మహిధరే. జీతం లేదు. జీతం లేని కొలువుకు సెలవులు కూడా ఉండవని ఆలస్యంగా తెలిసింది.

మొదట్లో ఇదేదో దేశసేవ అని ఛాతీ విరుచుకున్నాడు. ఇప్పుడు కామా మారినా మోసుకుపోయే తపాలా బంట్రోతు అయ్యాడు.

“ఈసారి ఏం మార్చిన్రు సార్?”

ఈ ఏడే కోహీర్ నుంచి బదిలీ మీద వచ్చిన కంప్యూటర్ మాస్టారు మంజునాథ్ తొంగిచూశాడు. వెర్షన్‌తో పాటు వచ్చిన వివరం మహిధర్ పైకి చదివాడు.

“ఏడో ఎక్కం దగ్గర పిట్ట మరీ తొందరగా ఎగిరిపోతోంది. ఇంకాసేపు కూర్చోనిచ్చాను.”

“గింతేనా? దీనికి మళ్ల బిల్డు, మళ్ల టెస్టు! రాసేటోనికి పని లేదు, మోసేటోనికి...” మంజునాథ్ నాలుక కరుచుకున్నాడు.

“పూర్తిగ అను. ఇంట్ల అద్దం రోజూ అంటనే ఉంటది.”

మంజునాథ్ నవ్వి లాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు. గంట కొట్టేలోపు ఒక స్క్రిప్టు రాసేశాడు. కొత్త వెర్షన్ వస్తే అదే దించుకుంటుంది, అదే పరీక్షిస్తుంది, అదే రిపాజిటరీకి పంపుతుంది.

“ఎంటర్ కొట్టున్రి సార్. ఇగ ఆయన ఏం రాసిండో చదివే పని గుడ లేదు. ఫికర్ ఖతం.”

మహిధర్ వేలు కీబోర్డు దాకా వెళ్లింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత స్క్రిప్టు మొత్తం చెరిపేసింది.

“అరే! ఏమాయె సార్?”

“మంచిగనే రాసినవ్. గని మేం పాతకాలపు పంతుళ్లం. చేత్తోని దిద్దకుంటే తిన్నది అరగదు.”

మంజునాథ్ తల కొట్టుకుంటూ క్లాసుకు పోయాడు.

మహిధర్ ఆట తెరిచి ఏడో ఎక్కం దాకా ఆడాడు. పిట్ట కూర్చుంది. ఆగింది. ఎగిరింది. వివరం కింద ఒక వరుస జవాబు టైపు చేశాడు.

“ఇప్పుడు బాగుంది. ఇంకాసేపు ఉన్నా పరవాలేదు.”

కూతురు పోయినప్పటి నుంచి, ఇంట్లో పక్క గదిలో కూర్చుని తాను రాసిన ఆ ఆటను దిద్దుతూనే ఉన్న అతని భార్య నందిని, అతనితో మాట్లాడేది వెర్షన్‌తో పాటు వచ్చే ఆ రెండు వాక్యాల్లోనే.