చిలకమ్మ సంచిలో ల్యాప్‌టాప్

కళ్లద్దాలే కంప్యూటర్లైపోయిన కాలంలో కూడా, పాడేరు కొండల్లో నర్సు గెమ్మెలి చిలకమ్మ తన బుల్లి ల్యాప్‌టాప్‌ను వదల్లేదు. పలకంత బరువు కూడా ఉండదది. మందుల సంచిలో పెట్టుకుని ఏ కొండైనా ఎక్కేసేది. కొత్తగా వచ్చిన డాక్టరు హరిణికి దాన్ని చూస్తే నవ్వాగేది కాదు.

ఆ కార్తీకంలో వచ్చిన తుపానుకు నెట్‌వర్క్ తెగిపోయి, అందరి కళ్లద్దాలూ ఒట్టి గాజుముక్కలయ్యాయి. అదే ఉదయం ఆసుపత్రిలో కాన్పయిన సీతాలుకు రక్తస్రావం ఆగలేదు. ఆమెది ఎక్కడోగాని దొరకని గ్రూపు.

"ఆ రక్తం ఎవరికుందో ఇప్పుడెలా తెలుస్తుందక్కా?" అంది హరిణి.

చిలకమ్మ అప్పటికే ల్యాప్‌టాప్ తెరిచింది. పదిహేనేళ్లుగా ఊరూరా అరుగుల మీద కూర్చుని తను ఎక్కించిన పేర్లూ, రక్తం గ్రూపులూ అన్నీ దాని కడుపులోనే పదిలంగా ఉన్నాయి.

"పక్కూర్లో ఇద్దరున్నారమ్మా. బోడన్నా, ఆడి చెల్లీ. మనిషిని పంపిస్తన్నాను."

అన్నాచెల్లెళ్లిద్దరూ వానలో తడుస్తూ పరుగున వచ్చారు. మధ్యాహ్నానికి సీతాలు కళ్లు తెరిచి బిడ్డకు పాలిచ్చింది.

సీతాలు అత్త వచ్చి చిలకమ్మ పక్కన చతికిలబడింది. "మా మనవరాల్ని కూడా దాన్లో రాసీమ్మా. దాన్లో ఉంటే మాకు ధైర్యం."

చిలకమ్మ రాసింది. హరిణి కళ్లద్దాలు తీసి జేబులో వేసుకుని, దగ్గరికొచ్చి నిలబడింది.

"నన్ను కూడా రాయక్కా. నాది బీ పాజిటివ్."

చిలకమ్మ నడుం నిటారుగా నిలిపి, వేళ్లు మీటల మీద సర్దుకుంది.

"ఇంటిపేరు చెప్పమ్మా," అంది.